చీటీ లేని రాయి

(హిందూపురంలో చేసిన స్మారక ఉపన్యాసం, అచ్చు కోసం అక్కడక్కడా సవరించినది)



బడిలో మాకు చదువు చెప్పిన సారు పేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నేను నోటితో పలకను. ఆయన బతికున్నన్నాళ్లూ మాలో ఎవరమూ పేరు పెట్టి అనలేదు. పోయారు గదా అని ఇప్పుడు ఆ చనువు తీసుకోవడం నాకు చేతగాదు. ఈ గంటసేపూ ఆయన నాకు సారే.

నా చేతిలో ఈ ప్లాస్టిక్ డబ్బీ చూడండి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. లోపల చింతగింజకు రెండింతలుండే రాయి. ఒక పక్క పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా నల్లటి పొర, విరిగిన పక్క బూడిద రంగు. నా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో ఉంటాడు. అరిజోనాలోని ట్యూసన్ నగరంలో ఏటా ఫిబ్రవరి మాసంలో రాళ్ల సంత జరుగుతుంది. మన పశువుల సంతలాగే బేరాలూ బుకాయింపులూ అన్నీ ఉంటాయట. అక్కడ కొని పంపాడు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన ఉల్కలో ఒక ముక్క. దీన్ని వరసల వెంట పంపుతున్నాను, అందరూ చూడండి. డబ్బీ మూత మాత్రం తియ్యకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ రాయి గురించి చెప్పేముందు ఇంకో రాయి గురించి చెప్పాలి. అది దీనికన్నా వందరెట్లు పెద్దది, దానికి పైసా విలువ లేదు.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు సోమందేపల్లి వైపు నుంచి ఒక రైతు బడికి వచ్చాడు. భుజం మీద తువ్వాల్లో ఏదో మూటగట్టుకొచ్చాడు. విప్పితే టెంకాయంత నల్లరాయి. “మొన్న రేత్రి చుక్క రాల్లేదా సామీ, అది మా చేని ఎనక కొండ కాడ పడింది. తెల్లారి పోయి చూస్తే ఇది ఉండాది” అన్నాడు. సారు నవ్వలేదు. పీరియడు అయ్యేదాకా ఆయన్ను స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి, టీ తెప్పించి, తర్వాత మమ్మల్ని అయిదుగురిని వెంటబెట్టుకుని బెల్లం మండీకి నడిపించారు. మండీలో దిమ్మెలు తూచే తక్కెడలో రాయిని పెట్టించారు. షావుకారు “ఏం సార్, బడిలో రాళ్లు గూడా కొంటున్నారా?” అన్నాడు. తూకం రాసుకున్నాక, అంచు దాకా నీళ్లు నింపిన బకెట్లో రాయిని మెల్లగా దించి, పొర్లిన నీళ్లను కింది పళ్లెంలో పట్టి వాటినీ తూచారు. రాయి బరువును నీళ్ల బరువుతో భాగించమన్నారు. మూడు చిల్లర వచ్చింది. మన గుట్టల్లోని గ్రానైటు 2.7 దగ్గర ఆగిపోతుంది. ఉల్కాశిలలు, అందులో మామూలు రకాలు, 3.3 నుంచి 3.6 దాకా తూగుతాయి. పాత రేడియో స్పీకరు నుంచి పీకిన అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంది. మా ఒళ్లు ఝల్లుమంది. సారు మాత్రం సుత్తి తీసుకుని మూల మీద చిన్న దెబ్బ వేశారు. పెచ్చు లేచింది. లోపలంతా చిల్లులు.

“దోసె” అన్నారు సారు. ఆ ఒక్క మాటే.

అది ఇనుప చిట్టెం. ఏ కాలంలోనో ఆ కొండ కింద ఎవరో కొలిమి పెట్టి ఇనుము కరిగించారు, మడ్డి అక్కడే పారబోశారు. కరిగిన చిట్టెంలో గాలి బుడగలు చిక్కుకుని దోసె మీది చిల్లుల్లా మిగిలిపోతాయి. మామూలు ఉల్కాశిలల్లో అలా ఉండవు.

రైతు మొహం వాడిపోయింది. అప్పుడు సారు చేసినది నాకు ఇన్నేళ్లయినా కళ్లముందే ఉంది. కాగితం తీసి ఆయన్ను అడగడం మొదలుపెట్టారు. ఎన్ని గంటలకు? ఎటు నుంచి ఎటు? కొండ అంచు నుంచి ఎన్ని వేళ్ల ఎత్తులో ఆరిపోయింది? చెయ్యి చాచి చూపించు. శబ్దం విన్నావా, వింటే ఎంతసేపటికి? రైతు చెయ్యి చాచి మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు. కాగితం నిండింది. రాయి పక్కన పెట్టిన చీటీ మీద సారు ఇలా రాశారు: ఇనుప చిట్టెం, ఫలానా చేను, కొండకు తూర్పు పక్క, ఫలానా తేదీ. కింద ఒక వాక్యం: “రైతు చుక్కను చూసినది నిజం, ఇది ఆ చుక్క కాదు.”

ఆ మూడు వేళ్ల లెక్క మరునాడు బోర్డు మీద వేశారు. చాచిన చేతికి మూడు వేళ్లంటే దాదాపు అయిదు డిగ్రీలు. ఉల్క వెలుగు సాధారణంగా నేలకు ఇరవై ముప్ఫై కిలోమీటర్ల ఎత్తులోనో, ఇంకా పైనో ఆరిపోతుంది. ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున్న వస్తువు కొండ పైన మూడు వేళ్ల ఎత్తులో కనబడాలంటే అది మూడు వందల కిలోమీటర్ల అవతల ఉండాలి. చేని వెనక పడిందనుకున్నది ఎక్కడో అంత దూరాన ఆరిపోయి ఉంటుంది. కొండ వెనక పడిందని చెప్పే ప్రతి మనిషీ నిజమే చెబుతాడు, దూరం ఒక్కటే తప్పుతాడు.

అలా తప్పడానికి ఒక కారణం వేగం, అంత జోరుగా పోయేది దగ్గరే ఉందనిపిస్తుంది. ఉల్కలు మన వాతావరణంలోకి సెకనుకు 11 కిలోమీటర్ల నుంచి 72 కిలోమీటర్ల దాకా వేగంతో దూసుకొస్తాయి. చెల్యాబిన్స్క్‌ది సుమారు 19. ఆ లెక్కన హిందూపురం నుంచి పెనుకొండ కోట దాకా రెండు సెకన్లు పట్టదు. ఎదురుగా గాలి నలిగి, కాగి, రాయి పైపొర కరిగి ఊడిపోతుంటుంది. చిన్నదైతే అక్కడితో సరి. కాస్త పెద్దదైతే విరిగి, ముక్కలు వేగం కోల్పోయి, వెలుగు ఆరి, చివరి పదిహేను ఇరవై కిలోమీటర్లు చీకట్లో మామూలు రాయిలా కిందికి పడతాయి. పడేటప్పటికి వేగం గంటకు కొన్ని వందల కిలోమీటర్లే. మంటతో నేలను కాల్చే నిప్పుముద్ద సినిమాల్లోనే. కరిగిన పొర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. లోపల కోట్ల ఏళ్ల చలి అలాగే ఉంటుంది. 1860 జూలై 14న హిమాచల్‌లోని ధర్మశాలలో రాళ్లు పడ్డప్పుడు, పట్టుకున్నవాళ్లు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయని చెప్పారు. ఆ ఊరి పేరు మన ధర్మవరంలా వినిపిస్తుంది గాని, మనకు దగ్గరగా పడ్డది వేరే ఉంది.

2008 సెప్టెంబరు 12, శుక్రవారం. వినాయక చవితి వెళ్లి తొమ్మిది రోజులు. పొద్దున ఎనిమిదిన్నర. తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో, హోసూరు దాటాక వచ్చే శూలగిరి పరిసరాల పొలాల్లో రాళ్లు పడ్డాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే మనం కూర్చున్న చోటి నుంచి 140 కిలోమీటర్లు. తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే టీకొట్టు ముందు వినబడే సీమ అది. మన వాళ్లకు అక్కడ చుట్టాలున్నారు, ఈ హాల్లోనే శూలగిరికి పిల్లనిచ్చినవాళ్లుంటారు. దొరికిన ముక్కలన్నీ కలిపి 110 కిలోల దాకా తూగాయి. మన కాలంలో దక్షిణాదిన పడ్డవాటిలో ఇంత పెద్దది అరుదు. పరీక్షించాక దాన్ని ఎల్‌ఎల్6 కాండ్రైట్ అన్నారు.

ఈ ఎల్‌ఎల్6 అనే మాటను విప్పుతాను, ఓపిక పట్టండి. ఇదే నా ఉపన్యాసంలో గట్టి ముద్ద.

రాతి ఉల్కల్లో ఎక్కువ భాగం మామూలు కాండ్రైట్లు. ఇనుము ఎక్కువున్నవి హెచ్, తక్కువున్నవి ఎల్, మరీ తక్కువగా, అందులో లోహంగా ఉన్నది ఇంకా తక్కువగా ఉన్నవి ఎల్‌ఎల్. ఇక అంకె. దాదాపు 456 కోట్ల ఏళ్ల కిందట, సూర్యుడి చుట్టూ ధూళి తిరుగుతున్నప్పుడు, ఆ ధూళి అక్కడక్కడా కరిగి చిన్న చిన్న బొట్లుగా గడ్డకట్టింది. రాగిగింజంత, అంతకన్నా చిన్నవి. వీటినే కాండ్రూళ్లు అంటారు. ఈ గింజలూ ధూళీ కలిసి ముద్దలై గ్రహశకలాలయ్యాయి. ఆ శకలాల కడుపులో వేడి పుట్టింది. అంచున ఉన్న రాయి పెద్దగా ఉడకలేదు, దానికి 3. లోలోపల ఉన్నది బాగా ఉడికింది, దానికి 6.

సంగటి చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. ఎసట్లో బియ్యం ఉడుకుతుండగా రాగిపిండి పోసిన కొత్తలో గింజ గింజ విడిగా కనబడుతుంది. తెడ్డుతో గెలికి, మగ్గబెట్టి, మళ్లీ గెలికితే గింజా పిండీ ఏకమైపోతాయి. ముద్ద విరిస్తే అక్కడక్కడా గింజ జాడ తెలుస్తుంది, అంతే. 1857 ఫిబ్రవరి 28న మదురై జిల్లాలో పడ్డ పర్నల్లీ ఉల్క ఎల్‌ఎల్3. కోసిన ముక్కలో గింజలు ఎంత స్పష్టంగా ఉంటాయంటే ప్రపంచమంతా దాని ఫోటోలు పాఠాల్లో చూపిస్తారు. శూలగిరి ఎల్‌ఎల్6. ఒకే వంశం, ఒకటి అరఉడుకు, ఒకటి మగ్గిన ముద్ద. ఇందాక చెప్పిన ధర్మశాలదీ ఎల్‌ఎల్6. మీ చేతుల్లో తిరుగుతున్న చెల్యాబిన్స్క్ ఎల్‌ఎల్5, కాస్త ముందు పొయ్యి దించినది.

జపాన్ వాళ్లు 2003లో హయబుసా అనే నౌకను పంపారు. అది 2005లో ఇటోకావా అనే గ్రహశకలం మీద దిగి, నానా తంటాలూ పడి, 2010లో ఆస్ట్రేలియా ఎడారిలో చిన్న గుళికను జారవిడిచింది. శకలం పొడవు అర కిలోమీటరు పైచిలుకు. గుళికలో దొరికినది కంటికి ఆననంత ధూళి. ఏడేళ్లు, కోట్ల రూపాయల ఖర్చు. ఆ ధూళిని సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిందేమిటంటే, అది ఎల్‌ఎల్4 నుంచి ఎల్‌ఎల్6 దాకా ఉండే రాళ్లకు సరిపోతోంది. శూలగిరి పొలాల్లో ఒక శుక్రవారం పొద్దున బాడుగ లేకుండా దిగినది ఆ జాతి సరుకే. జపాన్ వాళ్ల శ్రమను తక్కువ చేయడం లేదు. వాళ్లు వెళ్లి తెచ్చుకోబట్టే ఈ రాళ్ల పుట్టిల్లు ఎలాంటిదో మనకు రూఢి అయింది.

ఇక మన ఊళ్ల సంగతి. గుర్రంకొండ మీకు తెలుసు, మనకు దాదాపు నేరు తూర్పున 120 కిలోమీటర్లు. 1814లో అక్కడ పడ్డ రాయి ప్రపంచ ఉల్కల పట్టికలో ఎల్6గా ఉంది. నమోదైన బరువు మూడు తులాలకు అటూ ఇటూగా. తిరుపతిలో 1934లో పడ్డది హెచ్6, పావుకిలో కూడా లేదు. ఈ రెంటికీ పట్టికలో ఏడాది ఒక్కటే ఉంది. నెలా తేదీ లేవు, పగలో రాత్రో లేదు. ఇంకోపక్క నెల్లూరు సీమలోని యాటూరు రాయి 1852 జనవరి 23న పడింది. పార్వతీపురం దగ్గరి నెడగొల్లలో 1870లో సరిగ్గా అదే జనవరి 23న ఇనుప ఉల్క పడింది. (తేదీ కలిసింది గదా అని జాతకాలు చూడకండి. ఒకటి రాయి, ఒకటి ఇనుము. చుట్టరికం లేదు.) పక్కనే తుమకూరు జిల్లాలో జుదెసెగెరి, 1876 ఫిబ్రవరి 16. వీటికి తేదీలు ఎందుకున్నాయంటే, ఆ రోజు అక్కడ ఎవరో చూశారు, ఎవరో విన్నారు, ఇంకెవరో కాగితం మీద పెట్టారు.

ఉల్కాశిలకు దొరికినవాడి పేరు పెట్టరు, ఊరి పేరు పెడతారు. ఇది నాకు నచ్చుతుంది. దొరికినవాడి పేరు మొదటి చీటీలోంచే మాయమవుతుంది చూడండి, అది నచ్చదు. 1798 డిసెంబరులో కాశీ దగ్గర రాళ్లు పడ్డాయి. ఒక దొర ఇంటి దగ్గరి కావలివాడి గుడిసె కప్పును తొలుచుకుని ఒక రాయి దిగి, గట్టిపరిచిన మట్టినేలలో కూరుకుపోయింది. తవ్వి తీసి ఇచ్చినవాడు ఆ కావలివాడు. సంగతిని లండనుకు రాసిన జాన్ లాయిడ్ విలియమ్స్ పేరుంది, రాళ్లను పరీక్షించి 1802లో ప్రకటించిన ఎడ్వర్డ్ హోవార్డ్ పేరుంది. గుడిసె ఉంది, కావలివాడి పేరు లేదు. అప్పటికి యూరప్ పండితుల్లో చాలామంది ఆకాశం నుంచి రాళ్లు పడతాయంటే పల్లెటూరి వాళ్ల పుక్కిటి కథలని కొట్టిపారేస్తున్నారు. 1794లో క్లాడ్ని అనే జర్మన్ శాస్త్రవేత్త పడతాయని పుస్తకం రాస్తే వెక్కిరించారు. హోవార్డ్ పరీక్షల్లో నికెల్ కలిసిన ఇనుము బయటపడ్డాక, 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులో లేగ్ల్ అనే ఊరి మీద వేల రాళ్లు కురిశాక నోళ్లు మూతబడ్డాయి. మన వరాహమిహిరుడికి ఆ సందేహమే లేదు. బృహత్సంహితలో ఉల్కలను అయిదు రకాలు చేసి, పెద్ద చప్పుడుతో నేలను చీలుస్తూ పడేదానికి అశని అని పేరు పెట్టాడు. ఫలితాలు చెప్పడంలో ఆయన దారి వేరు, దాని జోలికి పోను.

నమ్మినంత మాత్రాన రాయి దక్కుతుందనీ లేదు. 1867లో రాజస్థాన్ ఖేత్రి ప్రాంతంలో పడ్డ రాళ్లను దేవుడి కోపమని భయపడి జనం పొడి కొట్టి గాలిలో కలిపారు. కొన్నిచోట్ల పూజలో పెట్టారు. పూజలో పెట్టిన రాయి కనీసం మిగులుతుంది. కాకపోతే పసుపూ కుంకుమా నూనే పట్టాక దానితో పరీక్ష చేయలేం.

ఇప్పుడు సంతకు వద్దాం. ఉల్కలు సేకరించేవాళ్లు లోకమంతటా ఉన్నారు. వాళ్ల ధరల తీరు గమనిస్తే నాకు సారు చీటీ గుర్తొస్తుంది. సహారా ఎడారిలో ఒంటెలవాళ్లు ఏరిన రాళ్లు వేలకొద్దీ మొరాకో అంగళ్లకు వస్తాయి. ఎక్కడ దొరికాయో చెప్పేవాళ్లుండరు. వాటికి ఊరి పేరు బదులు వాయవ్య ఆఫ్రికా అని రాసి పక్కన నంబరు వేస్తారు. మామూలు రకమైతే గ్రాము ధర చౌక. అదే రకం రాయి, అదే రసాయనం, ఫలానా ఊళ్లో ఫలానా పూట పడుతుంటే చూశారని చీటీ ఉంటే ధర ఎన్నో రెట్లు. ఏదైనా ఇంటినో బండినో కొడితే ఇక చెప్పక్కర్లేదు. 1992 అక్టోబరు 9న అమెరికాలో పీక్‌స్కిల్ అనే ఊళ్లో ఆగి ఉన్న పాత కారు డిక్కీని పన్నెండు కిలోల ఉల్క తూట్లు పొడిచింది. తుక్కుకు పోవలసిన ఆ కారు ఆ దెబ్బతో దేశదేశాల ప్రదర్శనలకు తిరిగింది. డబ్బు ఇచ్చేది రాయికనుకుంటారు గాని, కొనేవాడు కొంటున్నది చీటీని. శాస్త్రానికైనా అంతే. ఎటు నుంచి వచ్చిందో తెలిస్తే సూర్యుడి చుట్టూ దాని కక్ష్యను వెనక్కి లెక్కగట్టవచ్చు. తెలియకపోతే రాయి ఒక్కటే మిగులుతుంది, దారి పోతుంది.

మన పక్కనే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి ఉన్నాయి. తొలకరి పడగానే సంసారాలతో సహా పోయి చేలల్లో వంగి వజ్రాల కోసం వెతికే జనం మన జనం. ఎర్రనేలలో మెరిసే చుక్కను పట్టే కళ్లు వాళ్లవి. అదే కళ్లకు నల్లపొర రాయిని పట్టడం ఏమంత కష్టం కాదు. మన దగ్గర నల్లగా కనబడి మోసం చేసేవీ ఎక్కువే. గ్రానైటును చీల్చుకుని పోయే డోలరైటు గోడలున్నాయి, వాటి గుండ్లు నల్లగా బరువుగా ఉంటాయి. పాత చిట్టెం ఉంది. ఉల్కాశిలకు అగ్గిపుల్ల కాల్చిన మసి లాంటి పల్చటి పొర ఉంటుంది, మెత్తటి ముద్దను వేళ్లతో నొక్కినట్టు గుంటలు ఉండొచ్చు, విరిగినచోట బూడిదరంగులో లోహపు చుక్కలు తళుక్కుమంటాయి.

అలాంటిది కళ్ల ముందు పడితే ఏం చేయాలి? సారు మాటకు ఇక్కడ ఒక సవరణ చెప్పాలి. అయస్కాంతం పెట్టొద్దు. ఆ రాళ్లలో పుట్టినప్పటి అయస్కాంత జ్ఞాపకం నిలిచి ఉంటుంది, మన స్పీకరు అయస్కాంతం ఒక్క తాకుడుతో దాన్ని చెరిపేస్తుంది. ఆ రోజుల్లో ఇది మాకెవరికీ తెలియదు. సుత్తి కూడా వద్దు. కడగొద్దు, ఒట్టి చేతులతో ఎక్కువ పట్టుకోవద్దు, మన చెమటకే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. డబ్బీ మూత తియ్యొద్దన్నది అందుకే. శుభ్రమైన కవర్లో చుట్టి, పడ్డచోట ఫోటో తీసి, ఆలస్యం చేయకుండా అధికారులకు చెప్పాలి. మన దేశంలో ఉల్కాశిలల సంరక్షణ భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థది. ఆలస్యం ఎందుకు కూడదంటే, అంతరిక్షంలో పుట్టి రాయిలో ఉండే కొన్ని రేడియోధార్మిక పరమాణువులు తొందరగా ఆరిపోతాయి. సోడియం-24 పదిహేను గంటల్లో సగమవుతుంది. రెండు రోజులు మంచం కింద దాచి బేరం కుదరలేదని మూడో రోజు బయటపెడితే ఆ సాక్షి దాదాపు చచ్చిపోయినట్టే.

ఇంకొకటి, మనుషుల క్షేమం కోసం. చెల్యాబిన్స్క్‌లో సుమారు పదిహేను వందల మందికి గాయాలయ్యాయి. రాయి తగిలి కాదు. మెరుపు చూసి కిటికీల దగ్గరికి పరుగెత్తారు. నిమిషం దాటాక అదురు వచ్చి అద్దాలు మొహాల మీద పగిలాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టి, మూడుతో భాగించి, దూరం కిలోమీటర్లలో కట్టమని సారు నేర్పారు గదా, ఆ లెక్క అక్కడ వాళ్ల పిల్లలకు ఎవరైనా నేర్పి ఉంటే కిటికీకి దూరంగా నిలబడి అంకెలు పెట్టేవాళ్లు.

సారు బీరువా ఇప్పుడు మన బడి సైన్సు గదిలో ఉంది. నిన్న సాయంత్రం తాళం తీయించాను. సోమందేపల్లి చిట్టెం అలాగే ఉంది, మూల మీద సుత్తి పెచ్చు సహా. చీటీ పసుపుపచ్చగా మారింది గాని సారు అక్షరాలు ఒక్కటీ పోలేదు. చేను, కొండ, తేదీ, మూడు వేళ్లు, అన్నీ ఉన్నాయి. దాని పక్కన ఈ చెల్యాబిన్స్క్ ముక్కను పెట్టి వెళ్దామని రాత్రి కూర్చుని కొత్త చీటీ రాశాను. జాతి: ఎల్‌ఎల్5 కాండ్రైట్. పడిన తేదీ: 2013 ఫిబ్రవరి 15. కొన్నచోటు: ట్యూసన్ సంత. దొరికిన చోటు అని రాసి కలం ఆపాను. మంచు మీద ఏరినవాళ్లెవరో, ఏ పొలం గట్టు మీదో అమ్మినవాడు చెప్పలేదు, మావాడు అడగలేదు. ఆ గడి ఖాళీగానే వదిలి, చీటీ మడిచి డబ్బీ కింద పెట్టాను.

డబ్బీ చివరి వరస దాకా పోయినట్టుంది. ఇటు పంపించండి, బీరువా తాళం వాళ్లు వేసేసుకుంటారు.